పక్కకి తిప్పిన అద్దం

పద్దెనిమిదేళ్ళుగా పెద్ద మేస్త్రి దేవుడి ముందు ఒక్క మాట దగ్గర తడబడుతున్నాడు.

పొద్దున్నే స్నానం చేసి, చేతులు జోడించి, ఇంటిల్లిపాదినీ చల్లగా చూడమని అడిగి, చివర్లో "తెలియక చేసిన తప్పులు క్షమించు తండ్రీ" అనడం ఆయనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ 'తెలియక' దగ్గరికి వచ్చేసరికి నాలుక మొరాయిస్తుంది. గొంతు సవరించుకున్నట్టు చేసి ముందుకి దాటేస్తాడు. ఎవరు ఏ మాట దగ్గర దాటేస్తున్నారో దేవుడికి తెలియదా? తెలిసే ఊరుకుంటున్నాడా? మేస్త్రికి ఆ అనుమానం ఉంది గానీ, అంతకంటే పాత అనుమానం ఇంకొకటి ఉంది. ఒకప్పుడు తను నడిపిన చెత్త లారీకి ఎడమవైపు అద్దాన్ని రెండు వేళ్ళ మేర పక్కకి తిప్పాడు. ఎండ కళ్ళలో పడుతోందని తిప్పాడు. నిజంగా ఎండకేనా?

కథ ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చూసుకుందాం. నగరపాలక సంస్థ గ్యారేజీలో ఇరవై నాలుగు చెత్త లారీలూ ముసలివైపోయాయి. వాటి బదులు కొత్తవి కొనాలి. మళ్ళీ డీజిలువే కొనాలా, గ్యాసువా, బ్యాటరీవా అన్నది తేలాలి. మూడు రకాలూ తలా ఒకటి తెప్పించి మూడు వారాలు వీధుల్లో తిప్పి చూశారు. తిప్పింది పెద్ద మేస్త్రే. ఏది మేలో చెబుతూ పెట్టే కాగితం మీద మొదటి సంతకం ఆయనది కావాలి. రెండు నెలల్లో ఉద్యోగం నుంచి దిగిపోయే మనిషికి అదే ఆఖరి పెద్ద పని. గత వారం ఆయన్ని ఇంజనీరమ్మ బల్ల ముందు, చేతిలో మూత తీయని కలంతో కూర్చోబెట్టి వచ్చేశాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

"చదివారా మేస్త్రిగారూ?" అంది ఇంజనీరమ్మ. వయసులో ఆయన కూతురికంటే ఓ పదేళ్ళు పెద్దదేమో. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక చేత్తో టీ తాగుతూ ఇంకో చేత్తో ఫైళ్ళు సర్దుతోంది.

"చదివానమ్మా. రెండుసార్లు."

"మరి?"

కాగితంలో ఉన్నదంతా సబబుగానే ఉంది. గ్యాసు బంకు ఊళ్ళో ఒక్కటే, అదీ ఆ చివర. రోజూ గంటసేపు వరసలో నిలబడాలి. బ్యాటరీ బండి మంచిదే గానీ, నిండు బరువుతో చెత్త దిబ్బ ఎక్కేటప్పుడు నాలుగో వంతు ఛార్జింగు తాగేస్తోంది. పైగా గ్యారేజీకి పెద్ద కరెంటు లైను వేయించాలంటే ఏడాది పట్టేలా ఉంది. కొత్త డీజిలు లారీకి పొగని వడకట్టే జల్లెడ ఉంది, మెకానిక్కులందరికీ పని తెలుసు. కాబట్టి డీజిలే కొనవచ్చు. ఇంతవరకూ ఆయనకి పేచీ లేదు. నాలుగో పేరాలో ఒక్క వాక్యం దగ్గర కలం మూత రావడం లేదు.

'పాత లారీల పొగ గురించి పద్దెనిమిదేళ్ళలో సిబ్బంది నుంచి ఒక్క ఫిర్యాదు కూడా అందలేదు.'

"ఈ మాట..." అన్నాడు మేస్త్రి, వేలితో చూపిస్తూ.

"అబద్ధం రాయలేదండీ. ఫైళ్ళన్నీ నేనే కూర్చుని వెతికాను. ఒక్క కాగితం లేదు. ఉంటే నేనే రాసేదాన్ని కదా."

"లేదమ్మా. అబద్ధమని కాదు."

"మరింకేం ఆలోచన? నాలుగింటికి కమిషనర్ గారి దగ్గర మీటింగు. మూడున్నరకల్లా సంతకంతో నా బల్ల మీద ఉంటే చాలు."

మేస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బ్యాటరీ బండికి ఇవాళ ఆఖరి తిరుగుడు ఉంది. ఒక చుట్టు వేసి ఛార్జింగు ఎంత తగ్గిందో రాసుకొస్తాను," అన్నాడు. అది నిజమే. ఆ చుట్టు ఎటువైపు వేయబోతున్నాడో మాత్రం చెప్పలేదు.

బయట షెడ్డులో మెకానిక్కులు చుట్టుముట్టారు. "ఏం రాశావు మేస్త్రీ? ఆ చప్పుడు లేని బండి వచ్చిందంటే మా స్పానర్లన్నీ పాత ఇనుము కొట్లో తూకానికి వేసుకోవాలి, చెబుతున్నా," అన్నాడు ఒకడు. "వీడికి నూనె మరక లేకుండా ఇంటికి వెళితే పెళ్ళాం గుర్తుపట్టదు మేస్త్రీ, అదీ వీడి బెంగ," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు మీసం దాటి రాలేదు. వీళ్ళందరికీ పని నేర్పింది తనే. కొత్త డీజిలు బండికి జల్లెడ ఉందని కాగితంలో రాశారు. పది అడుగులకోసారి ఆగే చెత్త బండికి ఆ జల్లెడ ఎన్నాళ్ళు ఆడుతుంది? ఆర్నెల్లలో మూసుకుపోతుంది. మూసుకుపోతే వీళ్ళేం చేస్తారో కూడా ఆయనకి తెలుసు. ఊడదీసి అవతల పడేసి, బండి బ్రహ్మాండంగా లాగుతోందని చెబుతారు. తను వాళ్ళ వయసులో ఉంటే తనూ అదే చేసేవాడు. అంతకంటే ఘనకార్యమే చేశాడు.

ఆ ఘనకార్యం ఇదీ. పాత లారీలు కొత్తగా వచ్చినప్పుడు పొగగొట్టం డ్రైవరు గది వెనక నుంచి పైకి, కప్పు దాటి నిలబడి ఉండేది. పొగ ఆకాశంలోకి పోయేది. అయితే చెత్త దిబ్బకి వెళ్ళే దారిలో రైలు వంతెన ఒకటి ఉంది. దాని కింద నుంచి దూరిన ప్రతిసారీ గొట్టం కొన తగిలి విరిగేది. వారానికి రెండు మూడు లారీలు గ్యారేజీలో పడుకునేవి. అప్పట్లో డ్రైవరుగా ఉన్న మన మేస్త్రి ఒక ఆదివారం కూర్చుని, తన బండి గొట్టాన్ని కోసి, మోచేతి వంపు ఒకటి అతికించి, కింద నుంచి తీసుకెళ్ళి బండి వెనక ఎడమ మూలకి తిప్పేశాడు. ఇక విరగడమన్న మాటే లేదు. పై అధికారులు భుజం తట్టారు. మెచ్చుకోలు కాగితం ఇచ్చారు. ఇరవై నాలుగు లారీలకూ అలాగే చేయించారు. ఆ తెలివికే ఆయన్ని కొన్నాళ్ళకి గ్యారేజీ మేస్త్రిని చేశారు.

బండి వెనక ఎడమ మూల అంటే, చెత్త ఎత్తే మనుషులు నిలబడే మెట్టు ఉన్న చోటు.

మేస్త్రి బండికి వెనక నిలబడ్డ మనిషిని ఊరంతా ఈలబావ అనేవారు. ఒక ఈల వేస్తే ఆగు, రెండు వేస్తే పద. ఆ ఈల మూడు వీధుల అవతలికి వినబడేది. వీళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఒకే బండి మీద తొమ్మిదేళ్ళు బతికితే బావా అనుకోకుండా ఎలా ఉంటారు? నాలుగేళ్ళ కిందట ఈలబావ ఊపిరి ఆడక పని మానేశాడు. చివరి ఏడాది ఈల రాక బండి రేకు మీద అరచేత్తో చరిచేవాడట. ఆ సంగతి విన్నాక మేస్త్రి ఒక్కసారి వెళ్ళి చూసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళలేదు.

ఇవాళ వెళ్ళాడు.

*

తలుపు తీసింది ఈలబావ భార్య. మెడలో కొలత టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ముందుగదిలో కుట్టుమిషను మీద ఎవరిదో స్కూలు చొక్కా సగం కుట్టి ఉంది. సూదులు తీసి టేపుకి గుచ్చి, మేస్త్రిని ఎగాదిగా చూసి లోపలికి తిరిగింది.

"ఏమండోయ్, ఎవరో దారి తప్పి వచ్చారు. మీకు తెలిసిన మనిషేమో కాస్త చూసి చెప్పండి."

"నేనే చెల్లెమ్మా."

"గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. మూడేళ్ళ పైమాటే కదా, పోల్చుకోవడానికి టైము పడుతుంది అన్నయ్యా. వదిన బాగుందా? రండి, గుమ్మంలో నిలబెట్టానని మళ్ళీ అది చెప్పుకుంటారు."

ఈలబావ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా మాత్రం పాత కొలతదే. మేస్త్రిని చూడగానే మొహం విప్పారింది.

"కూర్చో బావా... లేవలేను, మర్యాద తక్కువని అనుకోకు." నాలుగు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. "ఏం బండి వేసుకొచ్చావు? కిటికీ దగ్గరే ఉన్నా... చప్పుడే లేదు?"

"బ్యాటరీది."

"అట్లాగైతే చెత్త ఎవరు తెచ్చిస్తారు? బండి వచ్చినట్టు... తెలియద్దూ?"

"మొదటి రోజు అదే అయింది. సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి చూస్తే సగం వీధి బుట్టలు పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. ఒకావిడ చెప్పుల్లేకుండా వచ్చి నన్ను తిట్టిన తిట్టు ఇంకా చెవిలో ఉంది. మర్నాటి నుంచి గంట కట్టాం."

ఈలబావ నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆయన భార్య వచ్చి వీపు నిమిరి, అలమర మీది పీల్చే మందు గొట్టం నోటికి అందించి, ఆగాక నీళ్ళిచ్చి, ఏమీ జరగనట్టు వెళ్ళి మిషను ముందు కూర్చుంది. రోజుకి ఎన్నిసార్లు చేస్తే అంత మామూలుగా చేస్తారో మేస్త్రికి అర్థమైంది.

"డాక్టరు ఏమంటాడు?" అని అడిగాడు, ఏదో ఒకటి అడగాలని.

"సిగరెట్లు మానెయ్యమంటాడు," అంది ఆమె మిషను తొక్కుతూ. "జన్మలో ముట్టలేదు బాబూ అంటే నమ్మడు. అందరూ అట్లాగే చెబుతారమ్మా అంటాడు. ఏం చెప్పమంటారు? ముట్టలేదు గానీ పద్నాలుగేళ్ళు లారీ పొగ మొహాన కొట్టించుకున్నాడని చెప్పనా?"

మేస్త్రి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"ఆ గొట్టం తిప్పింది నేనే బావా," అన్నాడు.

"అదేదో కొత్త కబురైనట్టు," అన్నాడు ఈలబావ. "మెచ్చుకోలు కాగితం ఇచ్చిన రోజు... స్వీటు పంచావు కదా. రెండు తిన్నాను."

"అది కాదు నేను చెప్పేది. గొట్టం తిప్పినప్పుడు తెలియదు. ఒట్టు, తెలియదు. వంతెన తప్ప ఇంకేం తట్టలేదు నాకు. తర్వాత... నెల కూడా కాలేదు. ఒకరోజు ఎడమవైపు అద్దంలో చూస్తే నువ్వు కనబడ్డావు. మొహం అటు తిప్పుకుని, మోచెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మర్నాడూ అట్లాగే. ఆ మర్నాడూ." మేస్త్రి ఆగాడు. చెప్పేశాక ఇక వెనక్కి తీసుకోలేడు. "ఎండ పడుతోందని అద్దం పక్కకి తిప్పుకున్నాను. ఇన్నాళ్ళూ నాకు నేను అదే చెప్పుకున్నాను. ఆ బండి పొద్దున పూట పడమటికి పోతుంది బావా. వీపు వెనకున్న ఎండ ఆ అద్దంలో పడితే పడి ఉండచ్చు. కానీ నేను తిప్పింది ఎండకి కాదు. నువ్వు కనబడకూడదని తిప్పాను. గొట్టం మళ్ళీ పైకి పెడితే నా పని తెలివితక్కువదని ఒప్పుకోవాలి. అప్పటికే మేస్త్రిని చేస్తారని గాలి వార్త. రోజూ దేవుడి ముందు నిలబడి 'తెలియక చేసిన తప్పు' అంటున్నాను. తెలిసే చేశాను."

మిషను ఆగిపోయింది.

ఈలబావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కోపమో కాదో ఆ పక్క నుంచి తెలియడం లేదు. "ఆయనకి చెప్పావా?" అన్నాడు.

"ఎవరికి?"

"దేవుడికి."

"లేదు. ముందు నీకు చెబుదామని."

"మంచి పని చేశావు. ఆయన... ఎక్కడికీ పోడు. నేనే కొంచెం... తొందరలో ఉన్నాను."

"ఆ మాటలే వద్దన్నాను," అంది భార్య అటు నుంచి.

ఈలబావ చెయ్యి ఊపాడు, ఊరుకోమన్నట్టు. "అద్దం తిప్పావని నాకు తెలుసు బావా. అంతకు ముందు నేను ఈల వేసేవాణ్ణా? గుర్తు చేసుకో."

మేస్త్రి తల ఎత్తాడు.

"చెయ్యి ఎత్తేవాణ్ణి. నువ్వు అద్దంలో చూసి... ఆపేవాడివి. ఒక సోమవారం చెయ్యి ఎత్తినా ఆపలేదు. ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద... పది గజాలు ఈడ్చుకుపోయింది. చూస్తే అద్దం అటు తిరిగి ఉంది. సరే, బావకి మనం కనబడం ఇంక... వినబడదాం అనుకున్నాను. ఆ వారమే ఈల నేర్చుకున్నాను."

ఏళ్ళ తరబడి ఊరంతా ముచ్చటపడ్డ ఆ ఈల ఎందుకు పుట్టిందో మేస్త్రికి ఇప్పుడు తెలిసింది. ఎంతమందికి చెప్పుకున్నాడు, మా బావ ఈల వేస్తే రైలు కూడా ఆగుతుందని! రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పెద్దవాడు అలా ఏడవడం చూడలేక ఈలబావ కుర్చీలోంచే ముందుకి వంగి, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఊరుకో బావా. నీ చెల్లెమ్మ చూస్తోంది. వదినకి చెప్పేస్తుంది."

"చెబుతాను, ఎందుకు చెప్పను?" అంటూ ఆమె లేచి వచ్చింది. "ఆయన ఒప్పేసుకుంటారు. మీరు నవ్వేసి క్షమించేస్తారు. అయిపోయిందా? మగాళ్ళు ఇద్దరూ ఇట్టే తేల్చేసుకుంటే, ఇన్నేళ్ళూ వీపు నిమురుతూ కూర్చున్నదాన్ని, నన్నెవరన్నా అడిగారా? నేను క్షమించానో లేదో?"

"లేదు చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి మొహం తుడుచుకుంటూ. "నిన్ను అడగలేదు. అడిగే మొహం లేదు."

"లేకపోయినా అడగాలి."

"అడుగుతున్నాను."

"ముందు ఎందుకొచ్చారో చెప్పండి," అంది. "మూడేళ్ళు రాని మనిషి పని రోజు, పని వేళ, బండి వేసుకుని వచ్చాడంటే ఊరికే రాలేదు."

మేస్త్రి జేబులోంచి కాగితం తీసి నాలుగో పేరా చదివి వినిపించాడు. దీని మీద సంతకం చేస్తే మళ్ళీ ఇరవై నాలుగు డీజిలు బళ్ళు వస్తాయని, ఇంకో పదిహేనేళ్ళు అవే తిరుగుతాయని చెప్పాడు. చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదని అడుగుతారు. అప్పుడు గొట్టం సంగతి చెప్పాలి. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు కోసినందుకు, రెండు నెలల్లో దిగిపోయే ముందు, విచారణ పెడతారు. "నాకు అడగాల్సింది ఒకటే. నిజంగా మీలో ఎవరూ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదా? అట్లా అయితే ఈ వాక్యం నిజమేనమ్మా. నేను కాదనలేను."

భార్యాభర్తలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"వద్దు," అన్నాడు ఈలబావ.

"వద్దేమిటి?" అని ఆమె తిన్నగా కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి కింది సొరుగు మొత్తం బయటికి లాగింది. దారపు ఉండలు, గుండీల డబ్బా, సుద్దముక్కలు పక్కన పెట్టింది. అడుగున పరిచిన పాత పత్రిక కాగితం కింద నుంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి మేస్త్రి చేతికిచ్చింది. మడతల దగ్గర పసుపెక్కి, పట్టుకుంటే విరిగేలా ఉంది.

'గౌరవనీయులైన శానిటరీ ఇన్‌స్పెక్టరు గారికి. చెత్త బండ్ల వెనుక పని చేయు మేము పదకొండు మందిమి విన్నవించుకొనునది. పొగ గొట్టము మా వైపునకు తిప్పినప్పటి నుండి కళ్ళు మంటలు, దగ్గు, తల తిరుగుట ఎక్కువైనది. గొట్టమును మరల పైకి పెట్టించవలసినదిగా కోరుచున్నాము. గొట్టము తిప్పిన డ్రైవరు మంచివాడు. మా మేలు కోరేవాడు. ఆయన మీద ఏ చర్యయు తీసుకొనవలదు.'

కింద నాలుగు సంతకాలు, ఏడు వేలిముద్రలు. తేదీ పద్దెనిమిదేళ్ళ కిందటిది.

"చేతిరాత నాది," అంది ఆమె. "ఆ చివరి మూడు ముక్కలు రాయనని మొండికేశాను. రాస్తే గానీ వేలు పెట్టనని ఈయన కూర్చున్నాడు. సరే రాశాను. అప్పుడైనా ఇచ్చాడా?"

"ఎందుకివ్వలేదు బావా?" అన్నాడు మేస్త్రి.

"ఇద్దామనే... బయల్దేరాను. నీ పిల్ల ఆసుపత్రిలో ఉంది అప్పుడు. నెలలు నిండకుండా పుట్టి... గాజు పెట్టెలో. నువ్వు రాత్రంతా అక్కడ కూర్చుని, పొద్దున్నే అట్నుంచి అటే బండెక్కేవాడివి. ఈ కాగితం చేరితే విచారణంటారు, ఇంటికి పొమ్మంటారు. పిల్ల ఇంటికి రానీ... అప్పుడిద్దాం అన్నాను మావాళ్ళతో. పిల్ల వచ్చేసరికి చలికాలం. ఆ చలిలో పొద్దున్నే... ఆ గొట్టం దగ్గరే చేతులు కాచుకున్నాం బావా. పదకొండు మందిమీ. చేతులు కాచుకుంటూ ఇంకెట్లా ఇస్తాం ఆ కాగితం?"

ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో మొదటి ఏడు చదువుతోంది. పొద్దున్నే తండ్రి బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టి మరీ వెళుతుంది. మేస్త్రి కాగితం రెండు అరచేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. తన ప్రార్థనలో ఏనాడూ ఈ పదకొండు మంది లేరు. మరి ఈ పదకొండు మందీ వేలు పెట్టి అడిగిన దాంట్లో తను ఉన్నాడు.

జేబులో ఫోను మోగింది. ఇంజనీరమ్మ.

"మేస్త్రిగారూ, ఎక్కడున్నారండీ? కమిషనర్ గారికి సాయంత్రం వేరే పని పడిందట. మీటింగు రెండున్నరకే పెట్టేశారు. సంతకం తర్వాత తీసుకుందాంలే అని కాగితం ఇంకో ప్రతి లోపలికి తీసుకెళ్ళిపోయారు. నేను కూడా లోపలికి వెళ్ళాలి."

"అమ్మా, ఆ నాలుగో పేరా తప్పు."

"ఏం తప్పు?"

"ఫిర్యాదు ఉంది."

"ఎక్కడ ఉంది?"

"నా చేతిలో."

"ఎవరి మీద?"

"నా మీద."

ఆమె కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది. "అది ఇక్కడికి తెస్తే మీకు ఏమవుతుందో తెలుసా మేస్త్రిగారూ?"

"తెలుసమ్మా."

"ఎంతసేపట్లో రాగలరు?"

"ఇరవై నిమిషాలు."

"నేను ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను. రండి." ఫోను పెట్టేసింది.

మేస్త్రి లేచేసరికి ఈలబావ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతున్నాడు. "కాగితం ఒక్కటీ వెళితే... ఎవడో పాత కాగితం అంటారు. వేలిముద్ర వేసిన వేలు కూడా... రావాలి."

"ఈ ఒంటితోనా?" అన్నాడు మేస్త్రి.

"ఈ ఒంటినే చూపించాలి అన్నయ్యా వాళ్ళకి," అంది భార్య. అప్పటికే తలుపు తాళం చేతిలో ఉంది. మందు గొట్టం సంచిలో వేసుకుంది. కాగితం మాత్రం మేస్త్రి చేతిలోంచి లాక్కుంది. "ఇది నేను పట్టుకుంటాను. మీ ఇద్దర్నీ నమ్మితే ఇంకో పద్దెనిమిదేళ్ళు పడుతుంది. నేను క్షమించానా లేదా అన్నది అక్కడ మీరేం మాట్లాడతారో విన్నాక చెబుతాను."

సందులో బండి నీడపట్టున నిలబడి ఉంది. తెల్లగా, వాసన లేకుండా, ఇంకా చెత్త బండిలా కనబడటం లేదు. మేస్త్రి తాళం తీస్తూ వెనక్కి చూస్తే ఈలబావ లేడు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ, బండి వెనక ఎడమ మూలకి వెళ్ళిపోయాడు. మెట్టు పక్కన ఉన్న ఇనుప కడ్డీ మీద చెయ్యి వేసి, ఎక్కడానికి కాలు ఎత్తబోతున్నాడు.

"అటెక్కడికి బావా?"

ఈలబావకే నవ్వొచ్చింది. "అలవాటు," అన్నాడు.

మేస్త్రి దగ్గరికి వెళ్ళి ఆ చేతిని కడ్డీ మీద నుంచి మెల్లగా విడిపించాడు. అప్పుడు జ్ఞాపకం వచ్చింది ఆయనకి. ఒక వానాకాలం, వీపు తడిసి ముద్దై, జ్వరంతో వణుకుతూ ఈ మనిషి డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి అడిగాడు. ఇవాళ ఒక్కరోజుకి ముందు కూర్చోనా బావా, దిబ్బ దాకా? పక్కన సీటు ఖాళీగానే ఉంది. సూపర్‌వైజరు చూస్తే నా పని అయిపోతుంది, రేపు చూద్దాంలే అన్నాడు తను. సరే రేపు, అని వెళ్ళి వెనక ఎక్కాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. తనూ పిలవలేదు.

మేస్త్రి ముందు తలుపు బార్లా తీశాడు. మెట్టు ఎత్తుగా ఉందని టూల్సు పెట్టె దించి కింద పెట్టాడు. ఒక చెయ్యి నడుం చుట్టూ వేసి, రెండో చెయ్యి మోచేతి కింద పెట్టి, బావ ఊపిరి తీసుకోవడానికి రెండుసార్లు ఆగి, ఆయన్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. అంత పెద్ద మనిషి చేతుల్లో ఏమీ బరువు లేకుండా వచ్చాడు. భార్య అటు వైపు నుంచి ఎక్కి మధ్యలో సర్దుకుంది, కాగితం ఒళ్ళో పెట్టుకుని. మేస్త్రి చక్రం ముందు కూర్చున్నాడు.

ఈలబావ ఎదురుగా అంత పెద్ద అద్దంలోంచి వీధిని చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ వెనక్కి వెళ్ళిపోయే వీధులే చూశాడు. ముందుకి వచ్చే వీధి ఇదే మొదటిసారి. చేతులు పట్టుకోవడానికి కడ్డీ కోసం అటూ ఇటూ వెతికి, ఏదీ దొరక్క, మోకాళ్ళ మీద ఊరుకున్నాయి.

"రేపు చూద్దామన్నావు," అన్నాడు.

"అన్నాను బావా. ఆలస్యమైంది."

"ఫరవాలేదు," అన్నాడు ఈలబావ. "సీటు బాగుంది."

"ఇంతకీ చప్పుడే లేదు, ఇది బయల్దేరుతుందా లేదా?" అంది భార్య, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"బయల్దేరి సందు మలుపు తిరిగాం చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి.